‘గో’ ఒక్కటే ఉందండి

మా వీధి చివర సైకిల్ షాపు కుర్రాడు నిన్న పొద్దున రేకు డబ్బాలో కిరసనాయిలు పోసుకుని బేరింగులు కడుగుతున్నాడు. ఈ రోజుల్లో కిరసనాయిలు ఎక్కడ దొరికిందిరా అని అడుగుదామనుకుని, ఆ వాసనకి మాట మర్చిపోయి అక్కడే నిలబడిపోయాను. పాల ప్యాకెట్టు పట్టుకుని కదలకుండా నిలబడ్డ పెద్దమనిషిని చూసి వాడు "గాలి కొట్టాలా అంకుల్?" అన్నాడు. నాకసలు సైకిలే లేదు.

ఆ కిరసనాయిలు వాసనకి కాస్త నల్ల సిరా, కాస్త తడి కాగితం తోడైతే అచ్చం రాజమండ్రి ఇన్నీసుపేట సందులోని మా పత్రికాఫీసే. నా మొదటి ఉద్యోగం అక్కడ. రోజూ అచ్చయ్యాక సీసపు అక్షరాలని కిరసనాయిల్లో ముంచిన బ్రష్షుతో రుద్ది కడిగేవారు. చొక్కాకి పట్టిన ఆ వాసన ఆదివారం కూడా వదిలేది కాదు. పెళ్ళిచూపులకి వెళ్తే పిల్ల తండ్రి "అబ్బాయికి కిరసనాయిలు డిపో ఏమన్నా ఉందా?" అని మా మేనమామని పక్కకి పిలిచి అడిగాడట.

అది నాలుగు పేజీల సాయంకాలం పత్రిక. పెద్ద పత్రికలన్నీ తెల్లారేసరికి గుమ్మంలో ఉంటాయి కాబట్టి, వాటి జోలికి పోకుండా మధ్యాహ్నం మూడు దాటాక వచ్చేది. కోటగుమ్మం దగ్గర, గోదావరి స్టేషన్లో, బస్టాండులో కుర్రాళ్ళు కేకలేస్తూ అమ్మేవారు. పాత పెంకుటింట్లో ముందు గదులు ప్రెస్సుకి, వెనక గది మాకు. ఆఫీసంటే రెండు బల్లలు, ఒక రేడియో, ఒక ఫోను, ఆ ఫోనుకి తాళం. తాళంచెవి ఎడిటర్ గారి జంధ్యానికి ఉండేది. ట్రంక్ కాల్ చెయ్యాలంటే ఆయన ముందుకి వంగి, జంధ్యం తియ్యకుండానే తాళం తీసేవారు.

నన్ను సబ్ ఎడిటర్ అనేవారు. విలేకరి రాసింది దిద్దడం, ప్రూఫు చూడటం, ఇంగ్లీషు పేపర్లోంచి తర్జుమా చెయ్యడం, చందా రసీదులు రాయడం, మనియార్డర్ ఫారాలు నింపడం, ఎడిటర్ గారు కోర్టు పనిమీద కాకినాడ వెళ్తే సంపాదకీయం రాయడం, ఇవన్నీ ఆ ఉద్యోగంలోకే వచ్చేవి. జీతం మాత్రం ముక్కలుగా వచ్చేది. పదో తారీఖున కొంత, టెండరు ప్రకటన డబ్బులు అందాక కొంత, మిగతాది దసరాకి బట్టలషాపుల వాళ్ళు ఇచ్చాక.

పొద్దున ఆకాశవాణి విజయవాడ కేంద్రం ప్రాంతీయ వార్తలు మొదలయ్యేసరికి నేను పెన్సిలు చెక్కుకుని కూర్చోవాలి. వార్తలు తనంతట తానే కొట్టుకుంటూ పోయే టెలిప్రింటర్ పెట్టుకునే స్తోమత లేదు మాకు. పీటీఐ, యూఎన్ఐ అనే వార్తా సంస్థల పేర్లు పెద్ద పత్రికల్లో వార్త మొదట కనపడే అక్షరాలే తప్ప, ఆ మెషీన్ ఎలా ఉంటుందో చాలాకాలం చూడలేదు. రేడియోలో చదివే ఆయన మన కోసం ఆగడు, రెండోసారి చెప్పడు. నాకంటే ముందు ఆ కుర్చీలో పనిచేసినాయన వెళ్తూ వెళ్తూ ఒక కిటుకు చెప్పారు. ముందు అంకెలు రాసుకో, తర్వాత పేర్లు, క్రియలు మనమే పెట్టుకోవచ్చు అని. ఇప్పటికీ ఎవరైనా ఫోన్లో ఏదైనా చెబుతుంటే నా చెయ్యి అంకెలే ముందు రాస్తుంది.

* * *

ఎడిటర్ గారే యజమాని. తెల్ల పంచె, సగం చేతుల చొక్కా, ముక్కుపొడుం. వీరేశలింగం గారు 1874లో ‘వివేకవర్ధని’ పెట్టిన ఊళ్ళో పత్రిక నడుపుతున్నానన్న గర్వం ఆయనకి నిండా ఉండేది. అప్పులవాళ్ళు గుమ్మంలో కూర్చున్నప్పుడు ఆ మాట మరీ గట్టిగా చెప్పేవారు.

కొత్తగా చేరినప్పుడు నాకు ఒకటే చెప్పారు. "భాష తప్పినా క్షమిస్తారయ్యా మనవాళ్ళు. ఊరి పేరు, ఇంటిపేరు తప్పితే మాత్రం క్షమించరు." అందులో అతిశయోక్తి ఏమీ లేదని వారం తిరక్కుండానే తెలిసింది. చనిపోయిన ఒక పెద్దాయన గురించి విలేకరి తెచ్చిన వార్త యథాతథంగా వేశాం. మర్నాడు పొద్దున్నే ఒకాయన వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. కాఫీ ఇస్తామంటే వద్దన్నాడు. వార్తలో అల్లుళ్ళ పేర్లు వరసగా ఇచ్చారు, తనది రెండో పేరుగా వచ్చింది, కానీ తను పెద్దల్లుడు. "రేపు పదకొండో రోజు భోజనాల్లో నా మొహం ఎక్కడ పెట్టుకోనండీ?" అన్నాడు. ఎడిటర్ గారు నవ్వలేదు. ఆ సాయంకాలం మొదటి పేజీలోనే సవరణ వేశాం, పెద్దల్లుడు గారి పేరు ముందు పెట్టి. ఆయన యాభై కాపీలు కొనుక్కెళ్ళాడు.

తర్వాత పెద్ద పత్రికలో లక్షల కాపీలు అచ్చయ్యే చోట పనిచేశాను. అక్కడ పాఠకుడంటే సర్క్యులేషన్ వాళ్ళు చెప్పే ఒక అంకె. ఇక్కడ మాత్రం పాఠకుడు చెప్పులు విప్పి లోపలికి వచ్చేవాడు. గోదావరి గట్టు మీద స్నానానికి వెళ్తే పక్కన నీళ్ళలో మునకేస్తూ "నిన్నటి హెడ్డింగు బాగాలేదండీ" అనేవాడు. ఎవరిమీదైనా ఘాటుగా రాస్తే మర్నాడు కూరగాయల మార్కెట్లో ఆ మనిషి ఎదురుపడతాడు. దానివల్ల కొన్ని రాయలేకపోయిన మాట నిజమే. ఏ దుకాణం తూకం దొంగదో ఊరంతా తెలుసు, మా పేపరుకి తప్ప. ఎందుకంటే ఆ దుకాణం ప్రకటన నాలుగో పేజీలో ప్రతి శుక్రవారం ఉండేది. కానీ రాసినవి మాత్రం గోడకేసి కొట్టినా చెక్కుచెదరకుండా ఉండాలి, లేకపోతే తల ఎత్తుకుని తిరగలేం.

* * *

ప్రెస్సుకి రాజంటే ఫోర్‌మన్ గారే. చదువు ఐదో క్లాసు. నా చేతిరాత వార్తని ఒకసారి చూసి, కేసులో, అంటే అక్షరాల చెక్కపెట్టెలో, గళ్ళవైపు చూడకుండానే అక్షరాలు ఏరి చేతిలోని స్టిక్కులో పేర్చుకుంటూ పోయేవారు. తెలుగు అక్షరాలకి గుణింతాలు, వత్తులు అన్నీ కలిపి వందల గళ్ళు. ఆ గళ్ళ మధ్య ఆయన చేతులు తిరుగుతుంటే టిక్కు టిక్కుమని సీసం చప్పుడు, పక్క గదిలో అచ్చు మెషీన్ ట్రెడిల్ ధడ్ ధడ్, మధ్యమధ్యలో హేవలాక్ వంతెన మీద రైలు మోత. రైలు వెళ్తున్నంతసేపూ ఎవరూ మాట్లాడేవారు కాదు, వినపడదు కాబట్టి. ఆ వంతెన మీద రైళ్ళు 1997లో ఆపేశారు.

ఆయన అక్షరాలని అద్దంలో చూసినట్టు తిరగేసి చదివేవారు. పేర్చిన అక్షరాలుండే పళ్ళెం, గ్యాలీ మీద తడి కాగితం పరిచి బ్రష్షుతో తట్టి ప్రూఫు తీసి నాకు పంపకముందే, "రెండో పేరాలో మీరు కర్త ఎగరగొట్టారు బాబూ, నేను పెట్టానండి" అనేవారు. సబ్ ఎడిటర్ని నేనే అయినా అసలు ఎడిటింగు చాలా భాగం ఆ కేసుల దగ్గర నిలబడే జరిగేది. వార్త ఏడు లైన్లు ఎక్కువైతే కోసేది ఆయన ముందే. "ఈ ‘ఈ సందర్భంగా’ తీసేద్దామాండి? ‘పెద్ద సంఖ్యలో పాల్గొన్నారు’ తీసేద్దామాండి? అక్కడ యాభై మంది కూడా లేరండి, నేనూ వెళ్ళాను." సీసంలో ఒక్కొక్క అక్షరం మోసేవాడికి అనవసరమైన మాట ఎంత బరువో తెలుసు. తర్వాత కంప్యూటర్లు వచ్చాక సభల వార్తలు ఎందుకు అంత సాగిపోయాయో నాకు బాగా అర్థమైంది.

ఫొటోలంటే బ్లాకులు, బొమ్మ చెక్కిన లోహపు రేకులు. జింకు బ్లాకు విజయవాడలో చేయించి తెప్పించాలి, కనీసం మూడు రోజులు. అందుకని నాయకుల బ్లాకులు ఒక సొరుగులో సిద్ధంగా ఉండేవి. ఇందిరాగాంధీ, ఎన్టీఆర్, కలెక్టరు, ఊళ్ళో ఇద్దరు డాక్టర్లు. ఎన్టీఆర్ బ్లాకు వాడి వాడి ముక్కు అరిగిపోయింది. 1984 ఆగస్టులో ఆయన్ని దించి, నెల తిరిగేసరికి మళ్ళీ ఎక్కించిన రోజుల్లో రోజుకి రెండుసార్లు ఆ బ్లాకే వేశారని, అప్పుడు అరిగిందని ఫోర్‌మన్ గారు చెప్పేవారు. కొత్తది చేయిద్దామంటే ఎడిటర్ గారు ఒప్పుకునేవారు కాదు. "పోలిక తెలుస్తోందిగా."

* * *

1986 ఆగస్టు వరద గురించి రాయకుండా ఆ ఆఫీసు గురించి రాసినట్టు కాదు.

గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్ళకి ఈ అంకెలు నోటికొచ్చు. భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం బ్యారేజి దగ్గర 11.75, 13.75, 17.75. ఎగువన భద్రాచలంలో పెరిగిన నీళ్ళు మా దగ్గరికి రావడానికి సమయం పడుతుంది, ఆ లోపల నది మధ్య లంకల్లో వాళ్ళు గొడ్డూ గోదా తోలుకుని గట్టెక్కాలి. ఆ సంవత్సరం భద్రాచలం దగ్గర నీళ్ళు 53 దాటి ఆగలేదు. 60 అన్నారు, 70 అన్నారు. చివరికి 75.6 అడుగులు. ధవళేశ్వరం నుంచి 35 లక్షల క్యూసెక్కులు సముద్రానికి వదిలారు. ఆ తర్వాత 2022 జులైలో 71 అడుగులు దాటినప్పుడు టీవీలో అంకెలు చూస్తూ నేను ఇక్కడ హైదరాబాదులో కూర్చుని చెమటలు పట్టించుకున్నాను గానీ, ఆ రికార్డు అలాగే ఉంది.

ఆఫీసు అరుగు మీద ఒక నల్లబల్ల ఉండేది. మామూలు రోజుల్లో దాని మీద ఆ రోజు పత్రికలో ముఖ్యవార్త రాసేవాళ్ళం, జనం చదివి కాపీ కొంటారని. ఆ నాలుగు రోజులు దాని మీద నీటిమట్టం తప్ప ఇంకేమీ రాయలేదు. ఎడిటర్ గారు గంటకోసారి ఫోను తాళం తీసి కంట్రోల్ రూముకి చేసేవారు. అంకె రాగానే నేను వెళ్ళి పాతది తుడిచి కొత్తది రాసేవాణ్ణి. గొడుగులు, గోనెసంచులు కప్పుకున్న జనం. సుద్దముక్క తీసుకుని నేను గుమ్మంలోకి రాగానే మాటలు ఆగిపోయేవి. ఒక ముసలావిడకి చదువు రాదు. నేను రాసిన ప్రతిసారీ పక్కవాళ్ళని "పెరిగిందా నాయనా?" అని అడిగేది. వాళ్ళమ్మాయిని ఇచ్చింది లంకలోనట.

ఆ రోజు మొదటి పేజీకి నేను పెట్టిన హెడ్డింగు రెండు లైన్లు. మొదటిది ‘గోదావరి ఉగ్రరూపం’, రెండోది ‘గోష్పాద క్షేత్రం మునక’. కొవ్వూరు వైపు రేవు అది. ఫోర్‌మన్ గారు కాగితం చూసి తల అడ్డంగా ఊపారు.

"పెద్ద టైపులో ‘గో’ ఒక్కటే ఉందండి."

ఇంకోటి ఏమైందంటే, ఎప్పుడో కిందపడి విరిగిపోయిందట. గోదావరి ఒడ్డున ఉన్న పత్రికకి పెద్ద అక్షరాల్లో ‘గో’ ఒక్కటే ఉండటమేమిటని నేను విసుక్కున్నాను. "ఎప్పుడూ గోదావరి ఒకసారేగా వచ్చేదండీ హెడ్డింగులో" అన్నారాయన. రెండో లైను ‘కొవ్వూరు రేవు మునక’ అని మార్చాం. మరో విషయమేమిటంటే, ఆ నాలుగు రోజులూ కరెంటు ఉండీ లేకుండా ఉంది. ట్రెడిల్ కాలితో తొక్కేదే కాబట్టి మా పత్రిక ఒక్క రోజు కూడా ఆగలేదు. కిరసనాయిలు లాంతరు పక్కన పెట్టుకుని కంపోజింగు.

రెండో రోజు మధ్యాహ్నం అక్షరాలు బిగించిన పేజీ ఫారం మెషీన్ ఎక్కిస్తుండగా ఒకతను పరిగెత్తుకొచ్చాడు. గట్టు తెగిపోయిందట! అరుగు మీద జనం గొల్లుమన్నారు. విలేకరి అప్పుడే ఇంట్రో రాసేశాడు. నేనూ పెద్ద అక్షరాలు ఎన్ని ఉన్నాయో మనసులో లెక్కేసుకుంటున్నాను.

ఎడిటర్ గారు "ఎవరు చూశారు?" అన్నారు.

"మా బావమరిది చెప్పాడండి."

"అతను చూశాడా?"

"అతనికి లారీ డ్రైవరు చెప్పాడటండి."

ట్రెడిల్ తొక్కే కుర్రాణ్ణి పిలిచి, తన సైకిలే ఇచ్చి ధవళేశ్వరం పంపారు. వాడు వచ్చేదాకా మెషీన్ ఆపమన్నారు. తొక్కేవాడే వెళ్ళాక ఎలాగూ ఆగుతుందనుకోండి. మూడున్నర అయింది, నాలుగున్నర అయింది. పేపర్ల కుర్రాళ్ళు చేతులూపుకుంటూ కూర్చున్నారు. ఎడిటర్ గారు ముక్కుపొడుం పీలుస్తూ ఆ బావమరిదిని, లారీ డ్రైవర్ని, వాళ్ళ వంశాన్ని తిడుతూ అటూ ఇటూ తిరిగారు. అయిదు దాటాక కుర్రాడు మోకాళ్ళదాకా బురదతో వచ్చాడు. గట్టు తెగలేదు. నీళ్ళు అంచుదాకా వచ్చాయి, ఇసుక బస్తాలు వేస్తున్నారు, జనం కూడా బస్తాలు మోస్తున్నారు, వాడూ రెండు మోసి వచ్చాడు. ఆలస్యం అందుకట.

‘గట్టు పదిలం’ అని వేసి చీకటి పడ్డాక పేపరు బయటికి పంపాం. ఎంత అమ్ముడైందో గుర్తు లేదు గానీ, నష్టమొచ్చిందని ఎడిటర్ గారు సంక్రాంతిదాకా అంటూనే ఉన్నారు.

ఆ తర్వాతి రోజుల్లో మా పేపర్లో వార్తలకంటే పేర్లే ఎక్కువ. ఏ స్కూల్లో ఏ లంకవాళ్ళు తలదాచుకున్నారో, ఇంటి యజమాని పేరు, ఊరి పేరు. ఒక్కో పేరూ సీసంలో పేర్చి మూడో పేజీ అంతా నింపాం. కొన్ని ఇంటిపేర్లు ఊరంతా ఒకటే కావడంతో తండ్రి పేరు కూడా పెట్టాల్సొచ్చింది. ఫోర్‌మన్ గారు రెండు రాత్రులు ఇంటికి వెళ్ళలేదు. కంపోజ్ చేస్తూ మధ్యలో ఒకసారి ఆగి "ఇతను మా తోడల్లుడేనండి" అని, మళ్ళీ పనిలో పడ్డారు.

* * *

1989లో ‘ఈనాడు’ జిల్లాకో చిన్న పత్రిక జత చేసి ఇవ్వడం మొదలుపెట్టాక మిగతా పెద్ద పత్రికలూ అదే దారి పట్టాయి. మా ఊళ్ళో చిన్న పత్రికకి అది చావుదెబ్బ. మండల వార్త, సంఘం మీటింగు, అల్లుళ్ళ పేర్లు, అన్నీ తెల్లారేసరికి వాళ్ళ పేజీల్లోనే వచ్చేస్తుంటే సాయంకాలం మేమేం వెయ్యాలి? నేనూ అలాంటి ఒక పెద్ద పత్రిక యూనిట్లో డెస్కులో చేరాను. జీతం ఒకటో తారీఖునే ఒకేసారి చేతిలో పడింది. అది అలవాటవడానికి కొన్ని నెలలు పట్టింది.

అక్కడ పగలు మొదలయ్యేదే సాయంత్రం. ఆర్టీసీ బస్సుల్లో కవర్లు వచ్చేవి. అమలాపురం కవరు, రాజోలు కవరు, రంపచోడవరం కవరు. కండక్టరుకో డ్రైవరుకో ఇస్తే బస్టాండులో మా అటెండరు అందుకుని సంచిలో వేసుకుని వచ్చేవాడు. కవరు చింపగానే ఎవరి కవరో వాసనతో చెప్పొచ్చు. ఒకాయన ఆర్ఎంపీ డాక్టరు, కాగితాలకి టింక్చర్ వాసన. ఒకాయనకి ఎరువుల కొట్టు. చాలామందికి వేరే వృత్తి ఉండేది, టీచర్లు, ఎల్ఐసీ ఏజెంట్లు. అచ్చయిన వార్తలు కత్తిరించి కాగితాలకి అంటించి, సెంటీమీటర్ల లెక్కన డబ్బు కోసం నెలాఖరులో పంపేవారు. నేను ఒక పేరా కోస్తే వాళ్ళకి ఆ మేరకు కోత. ఒకాయన ఫోన్ చేసి "సార్, నిన్న మీరు తీసేసిన నాలుగు లైన్లూ నా కాఫీ డబ్బులండి" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ తర్వాత ఆయన వార్త దిద్దుతుంటే చెయ్యి కాస్త తడబడేది.

కంపోజింగ్ కంప్యూటర్లోకి వచ్చింది. ఫొటో కాగితం మీద తీసిన అక్షరాలు, బ్రోమైడ్లు, కత్తిరించి పేజీ మీద అంటించేవారు. చివరి నిమిషంలో ఒక అక్షరం తప్పు కనిపిస్తే బ్లేడు మొనతో ఇంకోచోటి అక్షరం కోసి తెచ్చి అతికించే నేర్పరి ఒకడుండేవాడు, అర్ధరాత్రి రెండింటికి, చెయ్యి వణక్కుండా. ఫాక్సు, తర్వాత మోడెమ్ వచ్చాయి. ఆ ముచ్చట్లు అందరికీ తెలిసినవే.

అక్కడ నాకు బాగా గుర్తున్నది 1996 నవంబరు 6. ఆ సాయంత్రం గాలి ఎక్కువగానే ఉంది గానీ రాజమండ్రిలో పని ఆగేంత కాదు. ఏడయింది, ఎనిమిదయింది, కోనసీమ నుంచి ఒక్క కవరూ రాలేదు. ఫోన్లు కలవడం లేదు. బస్టాండు నుంచి అటెండరు ఖాళీ సంచితో వచ్చి, అమలాపురం బస్సు ఒక్కటీ రాలేదు సార్ అన్నాడు. డెస్కులో అందరం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నాం. ఏం జరిగిందో రాసిన వాడెవడూ లేడు, కానీ ఏదో జరిగిందని ఆ ఖాళీ సంచే చెప్పింది. నాలుగు పేజీలు రావాల్సిన చోట ఏం వెయ్యాలో తెలియక ఇన్‌ఛార్జి గారు సినిమా వార్తలతో నింపమన్నారు. మర్నాడు తెల్లారాక తుఫానుకి కొబ్బరితోటలు నేలమట్టమైన సంగతి, భైరవపాలెం నుంచి వేటకెళ్ళిన వాళ్ళు తిరిగి రాలేదన్న సంగతి మెల్లగా తెలిసింది. రాజోలు విలేకరి పడిపోయిన చెట్లు దాటుకుంటూ నడిచీ, లారీ ఎక్కీ మూడో రోజు స్వయంగా ఆఫీసుకొచ్చాడు. జేబులోంచి తడిసి ముద్దయిన కాగితాలు తీసి, సిరా కరిగిపోయింది, నేను చెబుతాను రాసుకోండి అన్నాడు. నేను ముందు అంకెలు రాసుకున్నాను.

* * *

ఇన్నీసుపేట పత్రిక ఎడిటర్ గారు పోయాక మూతపడింది. ట్రెడిల్‌ని ఇనపసామాన్ల వాడు తూకానికి కొన్నాడు, అక్షరాలని సీసం లెక్కన. కేసుల చెక్క గళ్ళని మాత్రం ఎవరో పొయ్యిలోకి పట్టుకెళ్ళారట. ఫోర్‌మన్ గారు కొన్నాళ్ళు జాంపేటలో శుభలేఖలు వేసే ప్రెస్సులో పనిచేశారు. కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడి వెనక నిలబడి, తెర మీద తప్పులు చూపించడం ఆయన ఉద్యోగం. తెర మీద అక్షరాలు తిన్నగా ఉంటాయి కాబట్టి చదవడం కష్టంగా ఉందని నాతో చెప్పారు.

నేను రిటైరై చాలా కాలమైనా ఆ ఊరివాళ్ళు వదల్లేదు. శ్రద్ధాంజలి ఫ్లెక్సీ వేసేముందు మ్యాటర్ వాట్సాప్‌లో పంపి, ఒకసారి చూడండి మాస్టారూ అంటారు. మొన్న వచ్చినదాంట్లో మనవల పేర్లతో సహా పాతిక పేర్లు. దిద్ది పంపి, కింద ఒక ప్రశ్న రాశాను: "అల్లుళ్ళ వరస సరిగ్గానే ఉందా?"

పది నిమిషాలకి జవాబు వచ్చింది. "ఆ ఒక్కటీ మీరే తేల్చాలండి, రెండు రోజులుగా ఇంట్లో గొడవవుతోంది."